విన్సెంటా, విక్టరా? లాటిన్ మూలాల మగపిల్లల పేర్లలో ఏది ఎంచుకోవాలి

బాబుకు పేరు వెతికేటప్పుడు చేతికి దొరికే జాబితాలన్నీ ఒకే తీరు. ఎడమపక్క పేరు, కుడిపక్క ఒక్క మాటలో అర్థం. లాటిన్ పేర్ల దగ్గర ఈ ఒక్క మాటే ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది. కొన్ని పేర్లకు అర్థం నిక్కచ్చిగా తెలుసు, కొన్నిటికి పండితుల ఊహ మాత్రమే ఉంది, కొన్నిటికి అదీ లేదు. జాబితా మాత్రం అన్నిటికీ ఒకే ధీమాతో అర్థం రాసేస్తుంది. అందుకని ముందు అర్థం ఎంత గట్టిదో చూడాలి, తర్వాత ఆ పేరు ఎవరెవరు మోశారో చూడాలి, ఆపైన మన నోటికీ మన కాగితాలకూ అది ఎలా కుదురుతుందో చూడాలి. ఈ మూడింటిలో తల్లిదండ్రులు ఎక్కువ సమయం పెట్టేది మొదటిదానికి. పిల్లవాడిని జీవితమంతా ఇబ్బంది పెట్టేది మూడోది.

ఒకే ధాతువు, రెండు పేర్లు

విన్సెంట్, విక్టర్ రెండూ గెలవడం అనే అర్థమున్న 'వింకెరె' అనే లాటిన్ క్రియ నుంచి వచ్చాయి. రెండింటికీ అర్థం ఖాయం, సందేహం లేదు. ధాతువు 'విక్'. వర్తమానంలో మధ్యన 'న'కారం చేరి 'వింక్' అవుతుంది. 'యుక్త'లో లేని అనునాసికం 'యుంజాన'లో వచ్చినట్టే అనుకోండి, సంస్కృతం చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. విక్టర్‌లో చివరనున్న 'తోర్' ప్రత్యయం మన దాత, నేత, విజేతల్లోని 'తృ' ప్రత్యయానికి స్వయానా బంధువు. కాబట్టి విక్టర్ అంటే గెలిచినవాడు, విజేత. 'వింకెన్స్' అంటే గెలుస్తున్నవాడు. దానికి 'ఇయుస్' చేర్చి రోమన్లు 'వింకెంతియుస్' అనే పేరు చేసుకున్నారు. అప్పట్లో దాని మొదటి అక్షరాన్ని ఇంగ్లిషు డబ్ల్యూలా, 'సి'ని 'క'కారంగా పలికేవారు. ఇప్పుడు మనం పలికే 'స'కారం ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చింది.

ఇక్కడో హెచ్చరిక. విక్టర్, విజయ్ ఒకే మూలం నుంచి వచ్చాయని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కాదు. విజయలో 'వి' ఉపసర్గ, ధాతువు 'జి'. విక్టర్‌లో 'విక్' మొత్తం ధాతువు. అర్థం కలిసింది, పుట్టుక వేరు. తాతగారి పేరు విజయరావు అయితే మనవడికి విక్టర్ అని పెట్టుకోవడం చక్కటి ఆలోచనే. అర్థం ఒకటే అని చెప్పుకోండి, మూలం ఒకటే అని మాత్రం చెప్పకండి.

మరి రెండింటిలో ఏది? పేరు వెనక మనుషులు కావాలనుకుంటే విన్సెంట్. సరగోసా చర్చిలో డీకన్‌గా, అంటే బిషప్‌కు సహాయకుడిగా, ఉన్న విన్సెంట్ రోమన్ చక్రవర్తి డయోక్లెషియన్ హింసల కాలంలో, 304లో, స్పెయిన్‌లోని వలెన్సియాలో హతసాక్షి అయ్యాడు. ఆయన పండుగ జనవరి 22. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరపు బిషప్ అగుస్తీను ఆయన గురించి ప్రసంగాలు చేశాడంటే దాదాపు వందేళ్లకే ఆ పేరు మధ్యధరా సముద్రం దాటిందన్నమాట. కథోలిక కుటుంబాల్లో మాత్రం విన్సెంట్ అనగానే తలచుకునేది ఎక్కువగా ఫ్రాన్సుకు చెందిన విన్సెంట్ డి పాల్‌నే (1581–1660, పండుగ సెప్టెంబరు 27). ఆయన పేరుతో 1833లో పారిస్‌లో మొదలైన పేదల సేవా సంఘానికి మన పారిష్‌లలో కూడా శాఖలున్నాయి. 'విన్సెంట్ పాల్' అనే జంట పేరుకు మూలం ఇదే. ఆ 'పాల్' అపొస్తలుడైన పౌలు కాదు, ఆ సాధువు ఇంటిపేరులోని ముక్క. ఇద్దరు పరిశుద్ధుల పేర్లు కలిపామని అనుకుని పెట్టేవాళ్లు ఇది తెలుసుకుంటే మంచిది. పెట్టకూడదని కాదు.

విక్టర్‌కు ఆ స్థాయి పరివారం లేదు. రెండో శతాబ్దం చివర పోపుగా ఉన్న మొదటి విక్టర్ రోమన్ ఆఫ్రికా నుంచి వచ్చినవాడు, పండుగ జూలై 28. ఆ ప్రాంతపు శాసనాల్లో విక్టర్, ఫెలిక్స్ పేర్లు విరివిగా కనిపిస్తాయి. తర్వాతి కాలంలో పేరుకు గుర్తింపు తెచ్చినవాళ్లు ఎక్కువగా మతానికి బయటివాళ్లు. అందువల్లే మతపరమైన ముద్ర వద్దనుకునే ఇంట్లో విక్టర్ సులువుగా ఇముడుతుంది. విన్సెంట్ అంటే క్రైస్తవుడేనని మన దగ్గర అనుకున్నంత తొందరగా విక్టర్‌ను అనుకోరు.

కాగితాల దగ్గర విక్టర్‌దే పైచేయి. ఇంగ్లిషులో ఒకే స్పెల్లింగు. తూర్పు ఐరోపాలో 'సి' బదులు 'కె' రాస్తారు, అంతే తేడా. ఉచ్చారణ దాదాపు అంతటా అదే. విన్సెంట్ అలా కాదు. ఫ్రెంచివాళ్లు చివరి 'ట్' మింగేసి రెండు అనునాసికాలతో పలుకుతారు, ఇటలీలో అది విన్‌చెంజో, స్పెయిన్‌లో విసెంతే. మన దగ్గరైతే ఇంగ్లిషులో 'సి' బదులు 'ఎస్' రాసిన స్కూలు రికార్డులు కనపడుతూనే ఉంటాయి, ఎందుకంటే గుమాస్తా చెవికి వినపడింది 'స'కారమే. ముద్దుపేరు సంగతి కూడా చూసుకోండి. విక్టర్ 'విక్కీ' అవుతాడు. వీధిలో విక్రమ్, వికాస్ ఇద్దరూ అప్పటికే విక్కీలే.

మార్క్, మార్టిన్

ఈ రెండూ కూడా దగ్గరి చుట్టాలు. మార్టిన్ అంటే యుద్ధదేవత మార్స్‌కు చెందినవాడు. ఆ పేరు షష్ఠీ రూపం 'మార్తిస్'కు 'ఇనుస్' చేరింది, ఇది ఖాయం. మార్క్, అంటే 'మార్కుస్', కూడా మార్స్ నుంచే వచ్చి ఉంటుందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఇది బలమైన ఊహ అనే అనాలి. రోమన్ మగవాళ్లకు సాధారణంగా మూడు పేర్లు ఉండేవి: సొంత పేరు, వంశం పేరు, ఆ వంశంలో శాఖను చెప్పే పేరు. మార్కుస్ మొదటి రకం. వాడుకలో ఉన్న సొంత పేర్లు చాలా తక్కువ కాబట్టి శాసనాల్లో 'ఎం' అనే ఒక్క అక్షరం చెక్కితే సరిపోయేది. మన 'కె. వి.' ఇనీషియళ్లకు వాళ్లు రెండువేల ఏళ్ల ముందున్నారు.

అన్నదమ్ములిద్దరికీ మార్క్, మార్టిన్ అని పెడితే అర్థం ఒక్కటే రెండుసార్లు పెట్టినట్టు. ఒకదాన్నే ఎంచుకోవాలంటే మా ఓటు మార్టిన్‌కు. కారణాలు మూడు. ఇంగ్లిషు, ఫ్రెంచి, జర్మన్, చెక్, స్వీడిష్ భాషలన్నిటిలో ఒకే స్పెల్లింగు. స్పానిష్‌లో ఒక్క స్వరచిహ్నం తప్ప అదే. రేపు పిల్లవాడు ఎక్కడికి వెళ్లినా విడమరిచి చెప్పే పని ఉండదు. రెండోది, తెలుగు నోటికి 'మార్టినూ' అని పిలవడం హాయిగా ఉంటుంది. మూడోది, మార్క్ అనే పిల్లవాడికి బడిలో పరీక్షల కాలమంతా 'మార్కులెన్ని మార్కూ' అనే ఎగతాళి తప్పదు. చిన్న విషయమే, కానీ పదేళ్లు వినాలి.

మార్టిన్ వెనకున్న కథ కూడా అర్థానికి సరిగ్గా అతుకుతుంది. టూర్స్ నగరపు బిషప్ మార్టిన్ పుట్టింది ఇప్పటి హంగరీలో, రోమన్ సైనికుడి ఇంట్లో. సైనికుడు కొడుక్కి యుద్ధదేవత పేరు పెట్టుకోవడంలో వింతేముంది! ఆ కొడుకే సైన్యం వదిలి, తన అంగీని కోసి చలిలో ఉన్న బిచ్చగాడికి సగమిచ్చిన సాధువుగా పేరు పొందాడు. పండుగ నవంబరు 11. ప్రొటెస్టెంటు ఉద్యమాన్ని మొదలుపెట్టిన, 1483 నవంబరు 10న పుట్టిన మార్టిన్ లూథర్‌కు మర్నాడు, అంటే ఈ పండుగ రోజున, బాప్తిస్మం ఇచ్చారు కాబట్టే ఆ పేరు వచ్చింది. 1842లో హెయర్ దొర గుంటూరుకు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషన్ ప్రాంతంలో మార్టిన్, లూథర్ పేర్లు ఇంటింటి పేర్లు కావడానికి దారి ఇది. కథోలికులకూ ప్రొటెస్టెంటులకూ ఇద్దరికీ అభ్యంతరం లేని పేర్లలో మార్టిన్ ముందుంటుంది.

మంచి అర్థమున్నా ఆలోచించాల్సినవి

ఫెలిక్స్, క్లెమెంట్, బెనెడిక్ట్, డొమినిక్. నాలుగింటికీ అర్థం స్పష్టం. ఫెలిక్స్ అంటే అదృష్టవంతుడు, ఆనందంగా ఉన్నవాడు. పాత వాడుకలో ఫలవంతమైనది అని కూడా. క్లెమెంట్ అంటే దయగలవాడు, సౌమ్యుడు. బెనెడిక్ట్ 'బాగా' అనే మాటకూ 'పలకబడిన' అనే మాటకూ సంధి, అంటే ఆశీర్వాదం పొందినవాడు. తెలుగు క్రైస్తవుల్లో ఆశీర్వాదం అనే పేరు ఎప్పటి నుంచో ఉన్నదే. డొమినిక్ అంటే ప్రభువుకు చెందినవాడు. లాటిన్‌లో ఆదివారాన్ని 'ప్రభువు దినం' అనే అంటారు గనక ఆదివారం పుట్టినవాడికి ఇది సహజంగా నప్పుతుంది. 1493 నవంబరు 3 ఆదివారం కొలంబస్ కంటబడిన దీవికి డొమినికా అని పేరు పెట్టిందీ ఇందుకే.

చిక్కులు వేరేచోట ఉన్నాయి. బైబిలు చదివే ఇంట్లో ఫెలిక్స్ పెట్టేముందు అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయం తీయండి. లంచం దొరుకుతుందేమోనని పౌలును మాటిమాటికీ పిలిపించి, రెండేళ్లు ఖైదులోనే ఉంచిన అధికారి ఫేలిక్సు. పరిశుద్ధుల్లో ఫెలిక్స్‌లు చాలామంది ఉన్నారు కాబట్టి కథోలికులు ఈ మాట పట్టించుకోరు. ప్రొటెస్టెంటు సంఘంలో మాత్రం పాస్టరుగారు ఒక్క క్షణం ఆగే అవకాశం ఉంది. క్లెమెంట్‌కు ఆ బెడద లేదు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం 3వ వచనంలో పౌలు తోటి పనివాడిగా క్లెమెంతు కనిపిస్తాడు. ఇబ్బందల్లా 'సిమెంట్'తో కుదిరే ప్రాసే.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లు బెనెడిక్ట్ విషయంలో ఒకసారి ఆలోచించాలి. 1780లో వెస్ట్ పాయింట్ కోటను బ్రిటిష్‌వారికి అప్పగించడానికి కుట్ర పన్నిన బెనెడిక్ట్ ఆర్నల్డ్ పేరు అక్కడ ద్రోహి అనే మాటకు మారుపేరు. ఐరోపాలో ఈ గొడవ లేదు. అక్కడ బెనెడిక్ట్ అంటే దాదాపు 480–547 మధ్య జీవించి, మఠాల నియమావళి రాసిన నూర్సియా బెనెడిక్ట్. ఆయన పండుగ జూలై 11. పాత పంచాంగాల్లో మార్చి 21 అని ఉంటుంది. 1969 తర్వాత కొన్ని పండుగల తేదీలు మారాయి. డొమినిక్ పండుగ కూడా ఆగస్టు 4 నుంచి 8కి జరిగింది. తాతమ్మ చెప్పిన తేదీకీ ఇప్పటి చర్చి క్యాలెండరుకూ పొంతన కుదరకపోతే కారణం ఇదే, ఎవరి జ్ఞాపకమూ తప్పు కాదు.

ఈ నాలుగింటిలో తెలుగు నోటికి కష్టమైనవి చివర రెండు హల్లులు పేరుకున్నవి. 'బెనెడిక్ట్ గారు', 'ఫెలిక్స్ గారు' అని మూడుసార్లు వేగంగా అని చూడండి. వాడుకలో బెనెడిక్టు, ఫెలిక్సు అయిపోతాయి. అలా అయిపోవడం మీకు ఇష్టమైతే ఇబ్బంది లేదు. ఇష్టం లేకపోతే పిల్లవాడు జీవితమంతా సరిదిద్దుతూ ఉండాలి. 'డొమినిక్ గారు' మాత్రం నున్నగా జారిపోతుంది.

పౌలు ఒక్కడే ప్రత్యేకం

లాటిన్‌లో 'పౌలుస్' అంటే చిన్నవాడు. బలం, విజయం, ఆశీర్వాదం అమ్మే జాబితాల్లో ఈ అర్థం పేలవంగా కనిపిస్తుందని కొందరు 'వినయశీలి' అని పెంచి రాస్తారు. అది రాసినవారి దయ, లాటిన్ నిఘంటువుది కాదు. రోమ్‌లో ఇది ఎమిలియస్ వంశపు శాఖ పేరు. క్రీ.పూ. 216లో కన్నే యుద్ధంలో చనిపోయిన కాన్సులూ (రోమ్‌లో అత్యున్నత అధికారి), క్రీ.పూ. 168లో పిడ్నా దగ్గర మాసిడోనియాను ఓడించిన ఆయన కొడుకూ ఇద్దరూ పౌలుస్‌లే. చిన్నవాడనే పేరు ఎవరినీ చిన్నవాణ్ణి చేయలేదు.

సౌలు మారుమనస్సు పొందాక పౌలుగా పేరు మార్చుకున్నాడని బోధల్లో తరచూ వింటాం. అపొస్తలుల కార్యములు 13:9 చెప్పేది వేరు: సౌలుకు పౌలు అనే పేరు కూడా ఉంది. యూదుల మధ్య ఒక పేరు, రోమన్ పౌరుడిగా మరో పేరు. ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి ఉండే పద్ధతి మనకూ తెలిసిందే కదా. తెలుగులో రాసేటప్పుడు పౌలా, పాలా అన్నది ముందే తేల్చుకోండి. ఇంటిలో 'పౌలు' అని, ఆధార్‌లో 'పాల్' అని రెండు పడితే, తెలుగు నుంచి ఇంగ్లిషులోకి మార్చే ప్రతిసారీ స్పెల్లింగు తేడా వస్తుంది. పండుగ పేతురుతో కలిపి జూన్ 29, మారుమనస్సు పండుగ జనవరి 25.

అర్థం తెలియనివి, తెలిసినట్టు రాసేవి

అంతోని విషయంలో జాబితాలు చెప్పే 'అమూల్యుడు', 'పువ్వు' రెండింటికీ ఆధారం లేదు. 'అంతోనియుస్' ఒక రోమన్ వంశం పేరు. దాని మూలం తెలియదు, రోమన్లకు ముందే ఇటలీలో ఉన్న ఎట్రుస్కన్ల భాషది కావచ్చంటారు. ఆ వంశంవాళ్లు మాత్రం హెర్క్యులిస్ కొడుకు అంటోన్ తమ మూలపురుషుడని చెప్పుకున్నారు. 'పువ్వు' అనే అర్థం తర్వాతి కాలపు పండితులు గ్రీకు 'అంథోస్'తో ముడిపెట్టడం వల్ల పుట్టింది. ఆ పొరపాటు వల్లే ఇంగ్లిషు స్పెల్లింగులో 'టి' పక్కన 'హెచ్' వచ్చి చేరింది. ఫలితం మన కాగితాల మీద పడింది: తెలుగులో అంతోని, ఆంటోని, ఆంథోని. ఇంగ్లిషులో హెచ్ ఉన్నది, లేనిది, చివర 'వై' బదులు 'ఐ' ఉన్నది. పేరు పెట్టడం సులువు, నాలుగు సర్టిఫికెట్లలో ఒకేలా నిలబెట్టడం కష్టం. పాదువా అంతోనివారి మీద భక్తితో (1195–1231, పండుగ జూన్ 13) పెట్టేవాళ్లు ఎలాగూ పెడతారు, పెట్టాలి కూడా. అర్థం కోసం పెట్టేవాళ్లు మాత్రం వేరే పేరు చూసుకోవడం మేలు. అన్నట్టు, పాదువా అంతోనివారి బాప్తిస్మ నామం ఫెర్నాందో.

అగస్టీన్‌ది మధ్యస్థ స్థితి. అది అగస్టస్ నుంచి వచ్చిందన్నది ఖాయం. అగస్టస్ అంటే పూజ్యుడు. దానికి మూలం 'పెంచు' అనే క్రియా, శకునాలు చూసే 'ఔగుర్' అనే మాటా అన్నది ఇంకా చర్చలోనే ఉంది. క్రీ.పూ. 27లో సెనేటు మొదటి రోమన్ చక్రవర్తి ఆక్టేవియన్‌కు ఇచ్చిన బిరుదు అది, ఆగస్టు నెల పేరూ అదే. గ్రీకులో ఆ బిరుదును 'సెబాస్తోస్' అని అనువదించారు, దాని పేరుతో వెలసిన సెబాస్తె నగరం నుంచి వచ్చినవాడు సెబాస్టియన్. కాబట్టి అన్నదమ్ములకు అగస్టీన్, సెబాస్టియన్ అని పెడితే తెలియకుండానే జత కుదిరినట్టే. మన ఆఫీసుల్లో అగస్టీన్ 'అగస్త్య' అయిపోయే ప్రమాదం మాత్రం ఉంది. సంబంధం ఏమీ లేకపోయినా గుమాస్తా వేళ్లకు అగస్త్యుడే దగ్గర.

లారెన్స్ అంటే లారెంటమ్ ఊరివాడు. లారెల్ ఆకుల కిరీటం సంగతి శబ్దసామ్యం వల్ల అంటుకున్నది. లియో అంటే సింహం, ఇందులో వాదనేమీ లేదు. 2025 మే 8న ఎన్నికైన పోపు పద్నాలుగో లియో కావడంతో ఈ పేరు మళ్లీ వినపడుతోంది. అయితే లియోనార్డ్ లాటిన్ కాదు, జర్మానిక్. జేవియర్ బాస్క్ భాషది, 'కొత్త ఇల్లు' అని అర్థం. స్టీఫెన్, జార్జ్ గ్రీకువి. రెక్స్ అంటే లాటిన్‌లో రాజే, కానీ మన వీధిలో ఆ పేరుతో పిలిస్తే ముందుగా వచ్చేది కుక్క.

పెట్టేముందు చేయాల్సిన పరీక్షలు

పేరును ముగ్గురు మూడు రకాలుగా పిలవాలి: అమ్మమ్మ ముద్దుగా, టీచరు హాజరు పిలిచినట్టు, తోటివాడు మైదానం అవతలి నుంచి. మూడో పిలుపులో చివరి అక్షరం మాయమయ్యే పేర్లు గుర్తుపెట్టుకోండి. తర్వాత ఇంటిపేరుతో కలిపి రాయండి. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి వేరు, పేరు గడి వేరు. మూడు పేర్లు గుచ్చి 'విన్సెంట్ పాల్ బెనెడిక్ట్' అని పెడితే అవన్నీ ఒకే గడిలో పడతాయి. విదేశాల్లో మొదటి మాటనే పేరుగా తీసుకుంటారు, కాబట్టి మీరు పిలవదలచుకున్న పేరే మొదట ఉండాలి.

తెలుగులో టైపు చేసి చూడటం మరో పరీక్ష. పొల్లుతో ముగిసే ఈ పేర్లకు 'కు', 'ను', 'గారు' తగిలిస్తే, మధ్యలో ఖాళీ గానీ అక్షరాలను కలవనీయని కనిపించని గుర్తు గానీ లేకపోతే 'విన్సెంట్కు' అని ఒత్తుపడిపోతుంది. శుభలేఖలు, ఫ్లెక్సీలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

రెండు మతాల కుటుంబాల్లో నక్షత్రం అడిగేవాళ్లుంటే అదీ కుదురుతుంది. విన్సెంట్, విక్టర్ రోహిణికి, మార్టిన్, మార్క్ మఘకు, అంతోని, అగస్టీన్ కృత్తికకు, లియో భరణికి సరిపోతాయి.

కథోలికులకు పరిశుద్ధుల పేరే ఉండాలన్న నిబంధన 1917 నాటి చర్చి చట్టంలో ఉండేది. 1983 నాటి చట్టం క్రైస్తవ భావనకు విరుద్ధమైన పేరు కాకూడదని మాత్రమే అంటుంది. అందుచేత ఫాదర్ కోసం ఒక పేరు, రికార్డు కోసం ఇంకో పేరు పెట్టాల్సిన అవసరం లేదు. బాప్తిస్మ పుస్తకంలో, జనన ధ్రువపత్రంలో ఒకే స్పెల్లింగు ఉండేలా చూడండి. చర్చిలో పెళ్లి చేసుకునేనాడు బాప్తిస్మ పత్రమే ముందు అడుగుతారు.

తొందర కూడా అక్కర్లేదు. జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, పేరు లేకుండానే చేయించవచ్చు. ఆ తర్వాత 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, అది దాటితే 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో. స్పెల్లింగు తేల్చుకోకుండా ఆసుపత్రి ఫారంలో పేరు రాసిచ్చి, తర్వాత మార్పు కోసం తిరగడం కంటే ఆ గడి ఖాళీగా వదలడమే తక్కువ శ్రమ. పదో తరగతి మెమోలో పడిన స్పెల్లింగే ఆ తర్వాత అన్నిటికీ ఆధారం కాబట్టి, బడి నుంచి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా, పంపే వేళకు మరొక్కసారి అక్షరం అక్షరం సరిచూడాలి. విన్సెంట్‌లో 'సి' ఉందా, అంతోనిలో 'హెచ్' ఉందా, అగస్టీన్ చివర 'ఇ' ఉందా అని.